గల్లాపెట్టెలో వచ్చే నాణేల్లో ఏవి దాచుకోవాలి?

అన్నలూ, అక్కలూ, మాది మిర్యాలగూడ. కిరాణా కొట్టు. రాత్రి చిల్లర లెక్క పెట్టేటప్పుడు కొన్ని బిళ్ళలు గల్లాపెట్టెలో వేయబుద్ధి కాదు. వాటిని పక్కన పెడుతూ ఉంటే ఒక డబ్బా నిండింది. అన్నీ దాచుకునే స్తోమత లేదు, కొట్టుకు చిల్లర కావాలి. అందుకే ఏవి ఉంచుకోవాలో చెప్పండి.

సంవత్సరం కింద ఉండే గుర్తు బిళ్ళ ఏ టంకశాలలో తయారైందో చెబుతుంది: చుక్క ఉంటే నోయిడా, డైమండ్ ఉంటే ముంబై, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా అని తెలుసు. నక్షత్రం కనిపిస్తే ఇచ్చెయ్యడానికి నాకు చేతులు రావు. కానీ అలాంటివి రోజూ వస్తాయి. గుర్తు ఒక్కటే చూసి దాచడంలో అర్థం ఉందా, లేక సంవత్సరం, గుర్తు రెండూ కలిపి చూడాలా?

దేశపటం ఉన్న పాత పదకొండు మూలల రెండు రూపాయలు ఇప్పుడు చాలా తక్కువగా వస్తున్నాయి. దొరికినవన్నీ అరిగిపోయి, వాటి మీది అక్షరాలు కూడా సరిగా కనిపించవు. అరిగినదానికి విలువ ఉంటుందా? ఠాగూర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయలు మాత్రం ఒకటి మెరుస్తూ దొరికింది, దాన్ని ఎవరికీ ఇవ్వను.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకు లక్షలిస్తామనే ఫోన్లు నమ్మను. అలాంటి మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

చివరగా, మా అమ్మ ఈ బిళ్ళలను చింతపండుతో తోముతానంటోంది. తోమనివ్వాలా, వద్దా?