పోఫిల్టర్, ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ, వెబ్‌లేట్ తనిఖీల డాక్యుమెంటేషన్: ఎలా అమరిస్తే వెతికేవాళ్ళకి దొరుకుతుంది?

కోడ్‌కాగితం

ట్రాన్స్‌లేట్ టూల్‌కిట్‌లోని పోఫిల్టర్ (అనువాద ఫైళ్ళలో తప్పులు వెతికేది), గెట్‌టెక్స్ట్‌లోని ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ (అనువాదాల పీఓ ఫైల్‌ని ప్రోగ్రాం చదివే ఎంఓ ఫైల్‌గా మార్చేది), వీటితోపాటు వెబ్‌లేట్ (బ్రౌజర్‌లో అనువదించే వేదిక). ఈ మూడూ వాడే అనువాద బృందం కోసం ఒకే చోట డాక్యుమెంటేషన్ తయారవుతోంది. స్ఫింక్స్‌లో (డాక్యుమెంటేషన్ కట్టే పరికరం), ఆర్‌ఎస్‌టీ ఫైళ్ళతో (అది చదివే సాదా టెక్స్ట్ రూపం). ప్రస్తుతం పరికరానికో పేజీ ఉంది: ఇన్‌స్టాల్ చేయడం, ఆప్షన్ల పట్టిక, ఆ తర్వాత తనిఖీల జాబితా. పేజీలు పెరుగుతున్నాయి గానీ అనువాదకుల ప్రశ్నలు తగ్గడం లేదు. "ఎండ్‌పంక్ అని వచ్చింది, ఏం చేయాలి?" అన్న ప్రశ్నకి (వాక్యం చివరి విరామచిహ్నం చూసే తనిఖీ అది) జవాబు పోఫిల్టర్ పేజీలో ఎక్కడో అడుగున ఉంది. ఇలాంటివి అమర్చినవాళ్ళు ఏ పద్ధతి నిలబడిందో, ఏది కూలిందో చెప్పండి.

స్ఫింక్స్‌పిల్లి

పరికరం పేరుతో పేజీలు కట్టడంలోనే చిక్కంతా ఉందండి. అనువాదకుడు డాక్యుమెంటేషన్‌కి వచ్చేసరికి అతని చేతిలో ఉండేది పరికరం పేరు కాదు, ఒక హెచ్చరిక. పోఫిల్టర్ ఇచ్చిన ఫైల్లో "(పోఫిల్టర్) ఎండ్‌పంక్" అని మొదలయ్యే వ్యాఖ్య చూసి వస్తాడు, లేదా వెబ్‌లేట్ తెరమీద చెక్ పేరు చూసి వస్తాడు. కాబట్టి ఒక్కో తనిఖీకి ఒక్కో శీర్షిక, దానికో స్థిరమైన లింకు ఉండాలి. తక్కినదంతా ఆ తర్వాతే.

వెబ్‌లేట్ వాళ్ళ చెక్‌ల పేజీ చూడండి. ప్రతి చెక్ కిందా ఒకే వరస: ఒక్క వాక్యంలో సారాంశం, ఎక్కడ వర్తిస్తుంది (మూలానికా, అనువాదానికా), చెక్ ఐడెంటిఫయర్, ఏ ఫ్లాగ్ (స్ట్రింగ్‌కి తగిలించే గుర్తు) ఉంటే నడుస్తుంది, ఏ ఫ్లాగ్ పెడితే ఊరుకుంటుంది. చూడ్డానికి బిగుసుకుపోయినట్టు ఉంటుంది గానీ, రెండుమూడు తనిఖీలు చదివేసరికి ఏది ఎక్కడ ఉంటుందో కంటికి అలవాటైపోతుంది. ఆ అస్థిపంజరం తీసుకుని ఇంకో రెండు గళ్ళు కలపండి: "తప్పు–ఒప్పు ఉదాహరణ", "ఎప్పుడు పట్టించుకోనక్కర్లేదు". రెండోది చాలా డాక్యుమెంటేషన్లలో ఉండదు. పాఠకుడు వచ్చేదేమో ఎక్కువగా దానికోసమే.

వెబ్‌లేట్‌లో ఇంకో చిన్న మెలిక. ఐడెంటిఫయర్‌లో అండర్‌స్కోర్ ఉంటుంది (ఎండ్_స్టాప్), ఊరుకోబెట్టే ఫ్లాగ్‌లో హైఫన్ ఉంటుంది (ఇగ్నోర్-ఎండ్-స్టాప్). వెతికేటప్పుడు మొదటిది, ఫ్లాగ్ రాసేటప్పుడు రెండోది. ఈ రెండు రూపాలూ పక్కపక్కనే అచ్చుగుద్దినట్టు ఇవ్వకపోతే జనం ఒకదాని బదులు ఇంకోటి రాసి, పనిచేయడం లేదంటారు.

ఫజ్జీ_వేటగాడు

పైన చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. తనిఖీలన్నీ ఒకే ఎత్తులో పేర్చితే అనువాదకుడు ఖాళీ స్థలం తేడానీ, ప్రోగ్రాం కూలిపోయే తేడానీ ఒకేలా చూస్తాడు. పోఫిల్టర్‌లో తీవ్రతను బట్టి విభజన ముందే ఉంది. క్రిటికల్‌లో ఎస్కేప్స్, న్యూలైన్స్, ప్రింట్‌ఎఫ్, వేరియబుల్స్, ఎక్స్‌ఎంఎల్‌ట్యాగ్స్ లాంటివి వస్తాయి. ఫంక్షనల్‌లో యాక్సెలరేటర్స్, నంబర్స్, యూఆర్‌ఎల్స్, ఆప్షన్స్. కాస్మెటిక్‌లో ఎండ్‌పంక్, బ్రాకెట్స్, డబుల్‌స్పేసింగ్. నాలుగోది ఎక్స్‌ట్రాక్షన్: ఇది తప్పులు పట్టేది కాదు, ఫజ్జీ అయినవీ (మళ్ళీ చూడాలని గుర్తు పెట్టినవీ) అనువాదం కానివీ ఏరి ఇచ్చేది. ఈ నాలుగోదాన్ని మిగతా మూడింటితో కలిపి పెట్టకండి, "ఇది తప్పా?" అని అడుగుతారు.

ఇంతకంటే ముఖ్యమైంది, డాక్యుమెంటేషన్‌లో తరచూ జారిపోయేది ఒకటుంది. పోఫిల్టర్ తీవ్రమైన తప్పు అనుకున్న యూనిట్‌ని ఫజ్జీగా గుర్తిస్తుంది. అనువాదకుడు ఆ ఫైల్ సరిదిద్ది, ఫజ్జీ గుర్తు తీయకుండా పోమెర్జ్‌తో అసలు ఫైల్లో కలిపేస్తాడు. ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ ఎంఓ ఫైల్ కట్టేటప్పుడు ఫజ్జీ వాటిని మామూలుగా వదిలేస్తుంది. ఫలితం: సరిదిద్దిన వాక్యాలే తెరమీద ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఇది ఒక్క పరికరం తప్పు కాదు, మూడు పరికరాల మధ్య సందులో జరిగేది. అందుకే పరికరానికో పేజీ ఉన్నప్పుడు దీనికి చోటే దొరకదు. "పోఫిల్టర్ నడపడం, దిద్దడం, ఫజ్జీ గుర్తులూ పోఫిల్టర్ వ్యాఖ్యలూ తీసేయడం, పోమెర్జ్, ఆఖర్న ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ -సి (తనిఖీ చేయించే ఆప్షన్)" అని మొదటినుంచి చివరిదాకా నడిచే పని-పేజీ ఒకటి విడిగా ఉండాలి. వ్యాఖ్యలు అసలే వద్దనుకుంటే --నోనోట్స్ ఉంది. కానీ అప్పుడు ఏ తనిఖీలో తప్పిందో తెలీదు కాబట్టి -టి తో ఒక్కో తనిఖీనే నడపాలి.

నల్‌పాత్

తీవ్రత ప్రకారం పేజీలు విడగొట్టడం నాకు నచ్చదు. ప్రింట్‌ఎఫ్ క్రిటికల్‌లో ఉంటుందా, ఫంక్షనల్‌లో ఉంటుందా అని పాఠకుడు ముందే ఊహించాలా? తనిఖీలన్నీ ఒకే రెఫరెన్స్‌లో అక్షరక్రమంలో పెట్టండి, తీవ్రత శీర్షిక పక్కన గుర్తుగా ఉంటే చాలు. తీవ్రత ప్రకారం చూడాలనుకునేవాళ్ళకి పైన చిన్న పట్టిక, అందులోంచి లింకులు. డయాటాక్సిస్ అనే డాక్యుమెంటేషన్ పద్ధతిలో పాఠం, పని-సూచన, రెఫరెన్స్, వివరణ అని నాలుగు గదులు ఉంటాయి కదా. ఫజ్జీ_వేటగాడు గారు చెప్పిన పోమెర్జ్ సంగతి పని-సూచనలోకి వెళ్తుంది, తనిఖీల జాబితా రెఫరెన్స్‌లో ఉంటుంది. రెండూ ఒకే పేజీలో కలిస్తే రెండూ చెడతాయి.

ఇక ఉదాహరణల సంగతి. చేత్తో రాసిన ఉదాహరణలు పరికరం కొత్త వెర్షన్ రాగానే అబద్ధాలైపోతాయి, ఎవరికీ తెలీదు కూడా. రిపాజిటరీలో "నమూనాలు" అని ఒక ఫోల్డర్ పెట్టి, తనిఖీకొక పీఓ ఫైల్ ఉంచండి: అందులో పట్టుబడాల్సిన ఎంట్రీ ఒకటి, పట్టుబడకూడని ఎంట్రీ ఒకటి. సీఐలో (మార్పు చేరినప్పుడల్లా దానంతటదే నడిచే పరీక్షల్లో) ప్రతి ఫైల్ మీదా పోఫిల్టర్ -టి తో ఆ ఒక్క తనిఖీ నడిపి, మొదటిది బయటికి వచ్చిందా, రెండోది రాలేదా అని చూడాలి. డాక్యుమెంటేషన్ పేజీ అదే ఫైల్‌ని స్ఫింక్స్ ఆదేశం లిటరల్‌ఇన్‌క్లూడ్‌తో లాక్కుంటుంది. లాక్కునేటప్పుడు లైన్ల అంకెలు ఇవ్వొద్దు, పైన ఒక్క లైన్ చేరిందా ఉదాహరణ సగానికి తెగి కనిపిస్తుంది. స్టార్ట్-ఆఫ్టర్, ఎండ్-బిఫోర్ (ఏ గుర్తు తర్వాత మొదలవ్వాలో, ఏ గుర్తుకి ముందు ఆగాలో చెప్పేవి) వాడండి. పీఓలో # వ్యాఖ్యలే గుర్తులుగా పనికొస్తాయి.

ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ కమాండ్ రాసే ప్రతి చోటా -ఓ /డెవ్/నల్ కూడా రాయండి. అది లేకుండా -సి నడిపితే తనిఖీతోపాటు ప్రస్తుత ఫోల్డర్‌లో మెసేజెస్.ఎంఓ పుడుతుంది. తర్వాత ఎవరో దాన్ని కమిట్ చేసేస్తారు.

వరసవాక్యం

ఇంతవరకూ ఎవరూ భాష ఊసెత్తలేదు. ఈ పరికరాల తనిఖీల్లో కొన్ని లాటిన్ లిపి లెక్కలతో పుట్టాయి. తెలుగు కోసం వేరే పేజీ ఉండాలి, లేదా ప్రతి తనిఖీ కింద "తెలుగులో" అని ఒక గడి ఉండాలి. నా ఓటు రెండోదానికి, వేరే పేజీని ఎవరూ తెరవరు.

ఆ గడిలో ఏముండాలంటే: సింపుల్‌క్యాప్స్, స్టార్ట్‌క్యాప్స్ పెద్ద-చిన్న అక్షరాల సంగతి చూస్తాయి. మన లిపిలో ఆ తేడానే లేదు, వాటిని --ఎక్స్‌క్లూడ్‌ఫిల్టర్‌తో తీసేయమని రాయండి. డబుల్‌వర్డ్స్ పక్కపక్కన ఒకే మాట రెండుసార్లు వస్తే పట్టుకుంటుంది. "వేరు వేరు ఫైళ్ళు", "మళ్ళీ మళ్ళీ ప్రయత్నించు" మనకి మామూలు వాక్యాలు. అయినా ఈ తనిఖీని పూర్తిగా కట్టేయకండి, కాపీ-పేస్టులో "ఫైల్ ఫైల్" అని నిజంగానే పడుతుంటుంది. కాస్మెటిక్ జాబితాలో ఉంచి కంటితో చూడమనడమే మేలు.

యాక్సెలరేటర్స్ (మెనూలో కీబోర్డు మీటని చూపే అక్షరాలు) దగ్గర రెండు తనిఖీలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. మెనూ మాట తెలుగులో రాసి, చివర బ్రాకెట్లో గుర్తుతోపాటు లాటిన్ అక్షరం పెట్టడం చాలా బృందాల అలవాటు. యాక్సెలరేటర్స్ దీనికి ఒప్పుకుంటుంది. మూలంలో బ్రాకెట్లు లేవు, అనువాదంలో ఒక జత ఉంది కాబట్టి బ్రాకెట్స్ తనిఖీ అక్కడ పట్టుకుంటుంది. ఈ రెండు శీర్షికల కిందా ఒకదానినుంచి ఇంకోదానికి లింకు ఇవ్వాల్సిందే. గుర్తు ఏదన్నది కూడా ప్రాజెక్టుని బట్టి మారుతుంది: గ్నోమ్‌కి అండర్‌స్కోర్, కేడీఈకి యాంపర్‌సాండ్, లిబ్రేఆఫీస్‌కి టిల్డె. --గ్నోమ్, --కేడీఈ, --లిబ్రేఆఫీస్ అని సరైన ఆప్షన్ ఇవ్వకపోతే తనిఖీ దేన్ని వెతకాలో దానికే తెలీదు.

పొడవు తనిఖీల్లో దేన్ని లెక్కిస్తున్నారో రాయకపోతే ఆ శీర్షిక దండగ. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో 6 కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. మ్యాక్స్-లెంగ్త్ ఫ్లాగ్ పెట్టినచోట ఇంగ్లీషు లెక్క తెలుగుకి సరిపోదు. వెబ్‌లేట్‌లో మ్యాక్స్-సైజ్ కూడా ఉంది, అది గీసిన అక్షరాల వెడల్పు పిక్సెళ్ళలో చూస్తుంది. బటన్‌లో పట్టుతుందా లేదా అన్నదానికి అదే సరైంది.

ప్రింట్‌ఎఫ్ కింద వరస మార్చే ఉదాహరణ తప్పనిసరి. ఇంగ్లీషులో "%ఎస్" (మాట వచ్చే చోటు) ముందు, "%డి" (అంకె వచ్చే చోటు) తర్వాత వస్తే, మన వాక్యంలో తరచూ తిరగబడతాయి. ఉన్నవాటిని అటూ ఇటూ జరిపితే రకాలు కలవక తనిఖీ ఆపుతుంది. "%2$డి … %1$ఎస్" అని స్థానం అంకెలతో రాయాలి. పైథాన్‌లో "%(నేమ్)ఎస్" ఉంటే బ్రాకెట్లోని పేరు అనువదించకూడదు, దాని వెనకున్న అక్షరం మింగకూడదు. ఆ చివరి అక్షరాన్ని బహువచనం గుర్తు అనుకుని తీసేసి, "లో", "కి" తగిలించడం తరచూ కనిపించే తప్పు. "%(నేమ్)ఎస్‌లో" అని ప్రత్యయం దాని తర్వాత రావాలి.

కోడ్‌కాగితం

ఇది చాలా పనికొచ్చింది. తెలుగు గడి ప్రతి తనిఖీ కిందా పెడుతున్నాను. ఇంకో సందేహం: శీర్షికలు తెలుగులో రాస్తే లింకులు "ఐడీ1", "ఐడీ2" అని వస్తున్నాయి. మధ్యలో కొత్త తనిఖీ చేర్చగానే పాత లింకులన్నీ పక్కదానికి పోతున్నాయి.

స్ఫింక్స్‌పిల్లి

స్ఫింక్స్ వెనకున్న డాక్‌యుటిల్స్ శీర్షికలోంచి లింకు పేరు కట్టేటప్పుడు ఆస్కీ (ఇంగ్లీషు) అక్షరాలే ఉంచుకుంటుంది. తెలుగు శీర్షికలో ఏమీ మిగలదు కాబట్టి వరస సంఖ్య ఇస్తుంది. శీర్షిక మీద చేత్తో లేబుల్ రాయండి: రెండు చుక్కలు, ఖాళీ, అండర్‌స్కోర్, లేబుల్, కోలన్, ఆ కింద ఒక ఖాళీ లైన్. లేబుల్‌గా పరికరం వాడే ఐడెంటిఫయర్‌నే, అది ఉన్న లిపిలోనే, ముందు "చెక్-" చేర్చి పెట్టండి. శీర్షిక రేపు మారినా లింకు మారదు. లోపలి లింకులన్నీ రెఫ్‌తోనే ఇవ్వండి, యూఆర్‌ఎల్ చేత్తో అతికించొద్దు. లేబుల్ తప్పితే బిల్డ్‌లో హెచ్చరిక వస్తుంది, -డబ్ల్యూ పెడితే బిల్డే విఫలమవుతుంది. బయటి లింకులకి లింక్‌చెక్ బిల్డర్ వేరే ఉంది.

ఫజ్జీ_వేటగాడు

"ఎలా ఊరుకోబెట్టాలి" అన్న గడిలో ఎక్కడ రాయాలన్నది కూడా ఉండాలి. ఎందుకంటే తప్పుచోట రాస్తే మాయమవుతుంది. ఉదాహరణకి మూలంలో "100% డన్" ఉందనుకోండి. సి భాష ప్రింట్‌ఎఫ్‌లో % తర్వాత ఖాళీ చెల్లే ఫ్లాగే, దాని వెనక ఇంగ్లీషు "డి" పూర్ణాంకానికి గుర్తు. అంటే అది చెల్లే ఫార్మాట్. ఆ స్ట్రింగ్‌కి సి-ఫార్మాట్ ఫ్లాగ్ ఉంటే, "100% పూర్తయింది" అని రాసినప్పుడు % వెనక ఖాళీ, దాని వెనక "పూ" వస్తుంది. అది చెల్లదు, ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ -సి తప్పు చూపిస్తుంది. అనువాదంలో ఏ తప్పూ లేదు.

అనువాదకుడు పీఓ ఫైల్లో ఫ్లాగ్‌ని నో-సి-ఫార్మాట్‌గా మారిస్తే అప్పటికి ఊరుకుంటుంది. తర్వాత ఎంఎస్‌జీమెర్జ్ (కొత్త మూలంతో పీఓని తాజాపరిచేది) నడిచినప్పుడు ఫార్మాట్ ఫ్లాగులు పీఓటీ (మూలం వాక్యాల మూస ఫైల్) నుంచి వస్తాయి, మార్చింది పోతుంది. మందు మూలం కోడ్‌లోనే వేయాలి: ఆ స్ట్రింగ్ మీద "ఎక్స్‌గెట్‌టెక్స్ట్: నో-సి-ఫార్మాట్" అని వ్యాఖ్య. అది డెవలపర్ పని. కాబట్టి ఆ గడిలో "ఎవరు" అన్నది కూడా రాయండి: అనువాదకుడా, ప్రాజెక్టు నిర్వాహకుడా, డెవలపరా. వెబ్‌లేట్‌లో ఇగ్నోర్-సి-ఫార్మాట్‌ని స్ట్రింగ్ అదనపు ఫ్లాగుల్లో పెట్టొచ్చు. కానీ దానికి అనుమతి ఉండాలి, పైగా అది వెబ్‌లేట్ బయట నడిచే ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీకి కనిపించదు.

నల్‌పాత్

ఆ "100% డన్" ఎంట్రీని నమూనాల ఫోల్డర్‌లో రెండు ఫైళ్ళుగా పెట్టండి, సి-ఫార్మాట్ ఫ్లాగ్‌తో ఒకటి, నో-సి-ఫార్మాట్‌తో ఒకటి. సీఐలో మొదటిది ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ -సి దగ్గర ఆగాలి, రెండోది దాటాలి. హెడర్‌లో లాస్ట్-ట్రాన్స్‌లేటర్ లాంటి గళ్ళు కూడా నింపి ఉంచండి. లేకపోతే -సి వాటి మీద ఇచ్చే హెచ్చరికలు అసలు తప్పుతో కలిసి లాగ్ చదవడానికి వీల్లేకుండా పోతుంది.