గుడ్డికొంగకు ఆ పేరు ఎందుకు వచ్చింది?

గుంటూరు నుంచి ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. కాలువలో గుర్రపు డెక్క మీద మట్టిరంగులో ఒక చిన్న కొంగ నిలబడి ఉంటుంది కదా, దాన్ని మా అమ్మమ్మ గుడ్డికొంగ అంటుంది. కళ్ళు లేవా అంటే శుభ్రంగా ఉన్నాయి, పసుపుపచ్చగా మెరుస్తూ ఉంటాయి. మా ఆఫీసులో ఒకాయన్ని అడిగితే, "ఇక్కడ గుడ్డి అంటే చూపు లేకపోవడం కాదు, మసక రంగు. గుడ్డిదీపం అనమూ, అలాగే" అన్నారు. వినడానికి బాగానే ఉంది. నిజమేనంటారా?

విజయవాడ నుంచి జవాబు:

అమ్మా, మీ ప్రశ్న చూసి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. రోజూ పొద్దున నేను నడిచేది బందరు కాలువ గట్టు మీదే, రోజూ ముందుగా కనపడేది ఈ కొంగే.

మీ ఆఫీసు ఆయన చెప్పిన అర్థం కల్పించింది కాదు, భాషలో ఉన్నదే. గుడ్డిదీపం, గుడ్డివెలుగు అంటాం. ఇంకో అర్థం కూడా ఉంది, విలువ లేనిది అని. గుడ్డిగవ్వ చెయ్యదు అంటాం కదా. మాట ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే ఈ మూడు అర్థాల్లో దేన్నైనా సమర్థించుకోవచ్చు. అందుకే ముందు పక్షిని చూసి రమ్మంటాను.

ఎండ ముదరక ముందు కాలువ గట్టుకు వెళ్ళండి. నీళ్ళ అంచున మెడను భుజాల్లోకి ముడుచుకుని నిలబడి ఉంటుంది. మెడ మీదా రొమ్ము మీదా గోధుమరంగు చారలు, వీపు బురద రంగు. ఎండిన డెక్క ఆకుల మధ్య నిలబడితే అది ఉందని చెప్పినా చాలామందికి కనపడదు. మనిషి వస్తున్నాడంటే తెల్లకొంగ దూరంగా ఉండగానే లేచిపోతుంది. ఇది లేవదు. మీరు దగ్గరికి వెళ్ళినా లేవదు. ఇంకొంచెం వెళ్ళినా అంతే. దీనికి నేను కనపడటం లేదేమో అని మీకే అనుమానం వచ్చేదాకా రానిస్తుంది. అప్పుడు బొంగురు గొంతుతో ఒక్క అరుపు అరిచి లేస్తుంది. ఆ లేవడం చూడాలి! అప్పటిదాకా ముడిచి ఉన్న రెక్కలు విప్పగానే తెల్లగా, మల్లెపూవంత తెల్లగా, పక్షి మొత్తం మారిపోతుంది. మొదటిసారి చూసినవాళ్ళు లేచింది వేరే కొంగ అనుకుంటారు. అవతలి గట్టున వాలి రెక్కలు ముడిచిందో లేదో, మళ్ళీ మట్టిలో కలిసిపోతుంది.

పేరు అంత దగ్గరికి రానివ్వడంలోంచే వచ్చిందని నా నమ్మకం. అది కదలకుండా ఉండేది చూపు లేక కాదు. కదిలితే దొరికిపోతుంది, కదలకపోతే ఎవరికీ కనపడదు. రంగే దానికి కాపలా. కానీ గాలం పట్టుకుని అదే గట్టున నిలబడ్డ మనిషికి అలా అనిపించదు. ఇంత పక్కకు వచ్చినా పట్టించుకోలేదంటే దీనికి కళ్ళు లేవు అనే అనుకుంటాడు. పేరు పెట్టింది అతనే. నీళ్ళలో వేలెడు చేపపిల్లను గురిచూసి పొడిచే పక్షిని గుడ్డిది అన్నామంటే, అది మన వైపు నుంచి చూసి పెట్టిన పేరు.

మసక రంగు వాదానికి ఒక చిక్కుంది. జత కట్టే రోజుల్లో ఇది అసలు మసకగా ఉండదు. వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది, తల వెనక నుంచి తెల్లటి పొడుగు ఈకలు వేలాడతాయి. ఆ రోజుల్లో దాన్ని చూసి కాలువంతటికీ అందమైన పక్షి ఇదే అంటే నేను కాదనను. అప్పుడు కూడా ఊళ్ళో అది గుడ్డికొంగే.

పక్కవాళ్ళ సాక్ష్యం కూడా ఉంది. తమిళులు దీన్ని కురుట్టుక్ కొక్కు అంటారు. సింహళంలో కణ కొకా. రెండింటికీ అర్థం గుడ్డికొంగే. సముద్రం ఇవతలా అవతలా ఉన్నవాళ్ళు ఒకే పక్షికి ఒకే పేరు పెట్టుకున్నారంటే, అందరినీ అది అంతే దగ్గరికి రానిచ్చిందన్నమాట.

తెనాలి నుంచి:

చక్కగా చెప్పారండీ. కొంగజపం అన్న మాట కూడా ఈ కొంగను చూసే పుట్టి ఉంటుందా?

విజయవాడ నుంచి:

ఏ కొంగైనా కావచ్చు సార్, నిలబడి వేచి చూడటం వాటన్నిటి పద్ధతీ. కానీ ఆ మాటను దొంగభక్తికి వాడటం నాకు బాధగా ఉంటుంది. అంతసేపు అలా నిలబడితే గానీ దానికి ఒక్క చేప దొరకదు. అందులో మోసం ఏముంది?

గుంటూరు నుంచి, మరో సభ్యుడు:

కొంగల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా ఉప్పలపాడు చెరువుకు వచ్చే పెద్ద పక్షుల్ని అందరం సైబీరియా కొంగలు అనే అంటాం. ఆటో డ్రైవర్లను అడిగినా అదే పేరు. దీనికి అచ్చమైన తెలుగు పేరు ఉందా?

విజయవాడ నుంచి:

ఉంది, అదీ ఎంతో చక్కని పేరు. దాన్ని వదిలేసి సైబీరియా అంటుంటే మనసు కలుక్కుమంటుంది, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

ఉప్పలపాడులో సర్కారు తుమ్మ చెట్ల మీద గూళ్ళు కట్టే బూడిదరంగు పెద్ద పక్షి గూడబాతు. గూడకొంగ అని కూడా అంటారు. ఇప్పటి పిల్లలకు గూడ అంటే తెలియకపోవచ్చు. మోటార్లు రాక ముందు కాలువలోంచి పొలానికి నీళ్ళు ఎత్తిపోసే బుట్ట అది. ఇద్దరు చెరో పక్కా నిలబడి తాళ్ళు పట్టుకుని ఊపుతూ నీళ్ళు తోడేవాళ్ళు, గూడ వేయడం అనేవాళ్ళు. ఈ పక్షి ముక్కు కింద వేలాడే సంచి చూడండి. నీళ్ళలో ముంచుతుంది, చేపతో సహా నీళ్ళు ఎత్తుతుంది, నీళ్ళు వదిలేసి చేపను మింగుతుంది. పొలంలో గూడ వేసి చేతులు కాయలు కాసిన మనిషికి దాన్ని చూడగానే ఏ మాట తడుతుందో చెప్పాలా?

ఇక సైబీరియా సంగతి. చలికాలం ఉత్తరం నుంచి మన దగ్గరికి వచ్చే పక్షులు ఉన్న మాట నిజం. సూదితోక బాతులు అలాంటివే, కొల్లేటికి వస్తాయి. కానీ అవి గుడ్లు పెట్టేదీ పిల్లల్ని పెంచేదీ అక్కడి వేసవిలో, అక్కడే. ఇక్కడికి వచ్చేది తిండికీ వెచ్చదనానికీ. గూడబాతు అలా కాదు. మన చెట్ల మీదే గూడు కట్టి, మన చెరువుల్లోనే చేపలు పట్టి పిల్లలకు పెడుతుంది. నీళ్ళు తగ్గితే ఈ చెరువు నుంచి ఆ చెరువుకు పోతుంది, అంతే. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి ఉండే పక్షి కాదది. ఉప్పలపాడులో దాని పక్కనే గూడు కట్టే ఎర్రకాళ్ళ కొంగ కూడా ఇక్కడిదే. మన నేల మీద పుట్టిన పిల్లల్ని పరాయి దేశం వాళ్ళని చెప్పుకుంటున్నాం.

అక్కడే నత్తగుల్ల కొంగను కూడా చూడండి. ముక్కు మూసుకున్నా మధ్యలో సందు మిగులుతుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. పేరులోనే దాని తిండి ఉంది. ఎప్పుడైనా తెడ్డుమూతి కొంగ కనపడితే నేను వేరే చెప్పనక్కర్లేదు, పేరు చెప్పిన పక్షిని పేరే పట్టిస్తుంది.

ఉప్పలపాడు దాకా వెళ్ళడం కుదరనివాళ్ళు విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దిగువకు వెళ్ళొచ్చు. గేట్లు మూసి ఉన్నప్పుడు రాళ్ళ మధ్య మడుగుల్లో నీళ్ళు నిలుస్తాయి. చేపలు అక్కడ చిక్కుకుంటాయి, కొంగలన్నీ అక్కడికే చేరతాయి. నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటూ కనపడతాయి. పైన గరుడ పక్షి తిరుగుతూ ఉంటే బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న టెన్షన్ కూడా తెలియదు.

పల్నాడు నుంచి:

మా వైపు పేర్లు కూడా రాసుకోండి. పశువుల వీపు మీద ఎక్కి సవారీ చేసే, చీలిన తోక ఉన్న నల్లపిట్టను పసుల పోలిగాడు అంటారు. పశువులు గడ్డిలో నడుస్తుంటే పురుగులు లేస్తాయి కదా, వాటిని గాల్లోనే పట్టేస్తాడు. తాటిచెట్టుకు గూళ్ళు వేలాడదీసేవాడు గిజిగాడు. ఇలా గాడు అని పిలిచేవి ఇంకేమైనా ఉన్నాయా?

విజయవాడ నుంచి:

బుచ్చిగాడు ఉన్నాడు, లకుముకి పిట్టకు ఇంకో పేరు. కాలువ పక్కన కరెంటు తీగ మీద కూర్చుని నీళ్ళలోకి దూకుతుంటాడు. మీరు పట్టేస్తాడు అని రాశారు చూశారా, పట్టేస్తుంది అనలేదు. పొలంలో రోజంతా వెంట ఉండే పిల్లాణ్ణి పిలిచినట్టు పిలిచారు. ఈ పేర్లలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ చనువే.

తెనాలి నుంచి:

పిట్ట అన్న మాట శాస్త్రంలోకి కూడా వెళ్ళిందని ఎక్కడో విన్నాను.

విజయవాడ నుంచి:

వెళ్ళింది. పొన్నంగి పిట్ట అని ఒకటుంది. ఆకుపచ్చ వీపు, పొట్ట కింద ఎరుపు, కురచ తోక. హిందీవాళ్ళు నవరంగ్ అంటారు. 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ జాతికి పెట్టిన పేరు మన పిట్టే. ఇప్పుడు ప్రపంచంలో ఏ భాషవాళ్ళు దాని శాస్త్రీయ నామం పలికినా తెలుగు మాట పలికినట్టే. చలికాలం దక్షిణాదికి వస్తుంది, పొదల కింద రాలిన ఆకుల్ని తిరగేస్తూ పురుగులు ఏరుకుంటుంది. తెల్లవారుజామునా సాయంత్రమూ రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు ఆ వేళను పట్టుకుని ఆరుగంటల పిట్ట అని పేరు పెట్టుకున్నారు.

గుంటూరు నుంచి, మొదట అడిగిన సభ్యురాలు:

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలండీ. అమ్మమ్మకు చదివి వినిపించాను. "దగ్గరికి రానిచ్చేది గుడ్డికొంగ, రానివ్వనిది తెల్లకొంగ, ఇంతోటి దానికి ఇంత చర్చ ఎందుకే" అంది. గూడ వేయడం మాత్రం చేతులు ఊపి మరీ చూపించింది.

విజయవాడ నుంచి:

అమ్మమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆవిడను ఇంకొకటి అడిగి పెట్టగలరా? చెరువుల్లో నల్లగా ఉండి నుదుటి మీద తెల్ల మచ్చ ఉండే నీటిపక్షిని బొల్లికోడి అంటారు, ఆ మచ్చను బట్టి. కానీ మా వైపు కొందరు డెక్క మీద నడిచే ఊదారంగు ఎర్రముక్కు పక్షిని కూడా బొల్లికోడే అంటున్నారు. దానికి తెల్ల మచ్చ లేదు. గుంటూరు పల్లెల్లో ఆ ఊదారంగుదానికి విడిగా పేరుందా? కొల్లేటి వైపు వాళ్ళు ఎవరైనా ఉంటే మీరూ రాయండి.