ఈమ్యాక్స్‌లో జీమెయిల్: సిగ్నల్ లేనిచోట మెయిల్ చదవాలి, జవాబు రాసి పెట్టుకోవాలి, ఎలా?

అచ్చంపేట నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. మన్ననూరు అవతల అడవి లోపలి పెంటల్లో (చెంచుల గూడేల్లో) సర్వే పని నాది, వారంలో సగం రోజులు అక్కడే ఉంటా, ఫోన్‌కు సిగ్నల్ అందదు. నోట్స్, రిపోర్టులు అన్నీ ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, నోట్స్ కోసం ఉన్న ఆర్గ్ మోడ్‌లోనే రాసుకుంటా. మెయిల్ కూడా అందులోనే ఉంటే పాతవి అక్కడే వెతుక్కోవచ్చు, జవాబులు రాసి పెట్టుకొని కిందికి వచ్చాక పంపొచ్చు అని ఉబుంటులో ఎంయూ4ఈ అనే ఈమ్యాక్స్ మెయిల్ ప్యాకేజీ ఎక్కించాను. తెరిస్తే మెనూ వస్తోంది గానీ ఒక్క మెయిల్ కూడా లేదు, పాస్‌వర్డ్ కూడా ఎక్కడా అడగలేదు. ఏం తక్కువైంది? దీనికంటే ఈమ్యాక్స్‌తోపాటే వచ్చే మెయిల్ ప్రోగ్రాం గ్నస్ మేలంటారా?

నల్గొండ నుంచి జవాబు:

తమ్ముడూ, నీ అవసరానికి ఎంయూ4ఈ సరైనదే. గ్నస్ మంచిదే గానీ మామూలుగా అది సర్వర్‌తో నేరుగా మాట్లాడుతూ పని చేస్తుంది, నెట్ లేనప్పుడు వాడాలంటే దాని ఏజెంట్ అనే ఆఫ్‌లైన్ భాగాన్ని విడిగా నేర్చుకోవాలి. ఎంయూ4ఈ అసలు సర్వర్ జోలికే పోదు. నీ డిస్కులో మెయిల్‌డిర్ రూపంలో, అంటే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలుగా, ఉన్నవాటిని ఎంయూ అనే ప్రోగ్రాం సూచిక కడుతుంది, ఎంయూ4ఈ ఆ సూచికలో వెతికి చూపిస్తుంది, అంతే. అందుకే నీకు ఖాళీగా కనబడింది, పాస్‌వర్డ్ అడగనిదీ అందుకే. తెచ్చేది వేరే ప్రోగ్రాం, పంపేది ఇంకొకటి. ఈ మూడింటినీ విడివిడిగా సరిచూసుకుంటేనే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది, అన్నీ ఒకేసారి ఇనిట్ ఫైల్లో (ఈమ్యాక్స్ సెట్టింగుల ఫైల్లో) కుక్కి ఈమ్యాక్స్ తెరిస్తే ఏ ఎర్రర్ ఎవరిదో అర్థం కాక తల పట్టుకోవాల్సి వస్తుంది.

ముందు పాస్‌వర్డ్ సంగతి. నీ మామూలు జీమెయిల్ పాస్‌వర్డ్ ఇక్కడ పని చేయదు, 2022 మే 30 నుంచి గూగుల్ ఆ దారి మూసేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్, అంటే ఇలాంటి ప్రోగ్రాంల కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్, తీసుకో. 16 అక్షరాలు, నాలుగేసి అక్షరాల గుంపులుగా మధ్యలో ఖాళీలతో చూపిస్తుంది. ఆ ఖాళీలు తీసేసి రాసుకో, ఎందుకంటే ఈమ్యాక్స్ పాస్‌వర్డ్ కోసం చదివే ఆథ్‌ఇన్ఫో ఫైల్లో ఖాళీ వస్తే మాట అక్కడితో అయిపోయినట్టు లెక్క, మొదటి నాలుగు అక్షరాలే పాస్‌వర్డ్ అనుకుంటుంది.

మెయిల్ తేవడానికి ఎంబీసింక్ వాడు, ఉబుంటులో ప్యాకేజీ పేరు ఐసింక్. సెట్టింగుల ఫైల్లో హోస్ట్ దగ్గర జీమెయిల్ ఐమ్యాప్ (మెయిల్ తెచ్చుకునే) సర్వర్, పోర్ట్ 993, పాస్‌వర్డ్ నేరుగా రాయకుండా పాస్‌సీఎండీ లైన్లో జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాంతో దాచిన ఫైల్ విప్పే ఆదేశం పెట్టు. నెట్‌లో దొరికే పాత పాఠాల్లో మాస్టర్, స్లేవ్ అని ఉంటుంది, 1.4 వెర్షన్ నుంచి వాటిని ఫార్, నియర్ అంటున్నారు, ఫార్ అంటే సర్వర్, నియర్ అంటే నీ డిస్కు. మెయిళ్లన్నీ మళ్లీ కనబడే ఆల్ మెయిల్ ఫోల్డర్‌ను ప్యాటర్న్స్ లైన్లో ఆశ్చర్యార్థకం పెట్టి తప్పించు, లేకపోతే ప్రతి మెయిల్ రెండేసిసార్లు దిగుతుంది, నీ డేటా అంతా దానికే పోతుంది.

నీలాంటి వాళ్లకు నేను గట్టిగా చెప్పేది మ్యాక్స్‌సైజ్ గురించి. మెయిల్‌డిర్ స్టోర్ కింద మ్యాక్స్‌సైజ్ 2ఎం అని పెట్టావనుకో, 2 ఎంబీ దాటిన మెయిల్ పూర్తిగా దిగదు, దాని స్థానంలో చిన్న గుర్తు మెయిల్ మాత్రం వస్తుంది. అది కావాలనుకుంటే ఎంయూ4ఈలో ప్లస్ నొక్కి, ఎక్స్ కొట్టి దానికి ఫ్లాగ్ పెట్టు, తర్వాతిసారి సింక్ చేసినప్పుడు మొత్తం దిగుతుంది. ఎవరో పంపిన ఫొటోల జిప్ కోసం మిగతా మెయిళ్లన్నీ ఆగిపోయే బాధ ఉండదు.

ఇప్పుడు ఈమ్యాక్స్ ముట్టుకోకుండా టెర్మినల్‌లో ఎంబీసింక్ నడిపి చూడు. ఫైళ్లు దిగాక ఎంయూ ఇనిట్‌కు మెయిల్ ఫోల్డర్ దారి, నీ అడ్రస్ ఇచ్చి, తర్వాత ఎంయూ ఇండెక్స్ నడుపు. అక్కడిదాకా అయితే పని చాలావరకు అయినట్టే.

మహబూబ్‌నగర్ నుంచి జవాబు:

అక్క చెప్పినదానికి రెండు కలుపుతా. ఎంయూ4ఈ సెట్టింగుల్లో చేంజ్ ఫైల్‌నేమ్స్ వెన్ మూవింగ్ అనే దాన్ని టీ (అవును) అని తప్పక పెట్టండి. ఎంబీసింక్ ప్రతి ఫైలు పేరులో ఒక యూఐడీ (ఆ ఫోల్డర్లో ఆ మెయిల్ గుర్తింపు) నంబర్ రాసుకుంటుంది, మెయిల్‌ను వేరే ఫోల్డర్‌కు మార్చినప్పుడు ఆ పాత నంబరే వెంట పోతే డూప్లికేట్ యూఐడీ అని ఆగిపోతుంది.

రెండోది డిలీట్. డి నొక్కి ఎక్స్ కొడితే ఎంయూ4ఈ ఆ మెయిల్‌ను ట్రాష్‌కు పంపడమే కాక, చెరిపేసినట్టు టీ గుర్తు కూడా వేస్తుంది. ఎంబీసింక్‌లో ఎక్స్‌పంజ్ (ఆ గుర్తున్నవాటిని పూర్తిగా తీసేసే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే జీమెయిల్ ట్రాష్‌లోంచి కూడా శాశ్వతంగా పోవచ్చు, మామూలుగా దొరికే 30 రోజుల గడువు ఉండదు. అలవాటు పడేదాకా ఎక్స్‌పంజ్ పెట్టొద్దు, ఎం నొక్కి ట్రాష్ ఫోల్డర్‌కు మూవ్ చేసుకోండి.

అచ్చంపేట నుంచి:

అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. మెయిళ్లు దిగాయి, వెతికితే వస్తున్నాయి కూడా. కానీ ఫోల్డర్ల పేర్లు కొన్ని ఆంపర్‌సాండ్, డి, ఇంకా ఏవేవో ఇంగ్లిష్ అక్షరాలు, చివర్లో డ్యాష్, ఇట్లా ఉన్నాయి. ట్రాష్ ఏదో తెలుస్తలేదు. ఆల్ మెయిల్ తప్పించమని రాశాను, అయినా దిగుతోంది.

నల్గొండ నుంచి:

నీ జీమెయిల్ తెలుగులో పెట్టుకున్నావు కదా? జీమెయిల్ తన సొంత ఫోల్డర్ల పేర్లను మనం ఎంచుకున్న భాషలోనే ఐమ్యాప్‌కు ఇస్తుంది, ఐమ్యాప్ వాటిని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులతోనే రాసే మార్చిన యూటీఎఫ్7 పద్ధతిలో పంపుతుంది, నీ దగ్గరున్న ఎంబీసింక్ వెర్షన్ దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు ఫోల్డర్ పేరుగా పెడుతుంది. తెలుగు అక్షరాలన్నీ ఆ పద్ధతిలో ఆంపర్‌సాండ్, డి తోనే మొదలవుతాయి. ఆల్ మెయిల్ అనే పేరే అక్కడ లేదు కాబట్టి నువ్వు రాసిన మినహాయింపు దేనికీ తగల్లేదు. బ్రౌజర్లో జీమెయిల్ సెట్టింగుల్లోకి పోయి భాషను ఇంగ్లిష్ యూఎస్‌కు మార్చు. యూకే ఇంగ్లిష్ పెడితే ట్రాష్ బదులు బిన్ అని వస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకో. భాష మార్చినంత మాత్రాన తెలుగు మెయిళ్లకు ఏమీ కాదు. తర్వాత డిస్కులో ఆ వింత పేర్ల ఫోల్డర్లు తీసేసి మళ్లీ సింక్ చెయ్యి.

తెలుగు అక్షరాలు విరిగి వత్తులు పక్కకు పోతుంటే టెర్మినల్‌లో కాకుండా విండోగా తెరువు, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీతో కట్టిన ఈమ్యాక్స్ 27 లేదా ఆపైది అయితే వత్తులు మంచిగ వస్తాయి, ఫాంట్‌సెట్‌లో నోటో సాన్స్ తెలుగు పెట్టుకో. అను ఫాంట్లలో వచ్చిన పాత ఫైళ్లు మాత్రం దీనితో సరికావు, వాటిని యూనికోడ్‌కు మార్చుకోవాల్సిందే.

అచ్చంపేట నుంచి:

అయిపోయింది, ట్రాష్ కనబడింది. ఇక పంపడం. అడవిలో ఉన్నప్పుడు మెయిల్ పంపడానికి కంట్రోల్ సీ కంట్రోల్ సీ కొడితే సర్వర్ దొరకలేదని ఎర్రర్ వస్తుంది కదా, అప్పుడు ఎట్లా?

మహబూబ్‌నగర్ నుంచి:

దానికి క్యూ (పంపాల్సిన మెయిళ్లు ఆగే చోటు) ఉంది. మొదట మామూలుగా పోయేట్టు చూసుకోండి: మెయిల్ పంపడానికి ఈమ్యాక్స్‌లోనే ఉన్న ఎస్ఎంటీపీమెయిల్, జీమెయిల్ ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వర్, పోర్ట్ 587, స్టార్ట్‌టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్. ఆథ్‌ఇన్ఫో లైన్లో పోర్ట్ రాస్తే అది కూడా 587 అనే ఉండాలి, తేడా ఉంటే పాస్‌వర్డ్ దొరకక మళ్లీ మళ్లీ అడుగుతుంది. పంపిన మెయిల్ కాపీ జీమెయిల్ తనే దాచుకుంటుంది, కాబట్టి సెంట్ మెసేజెస్ బిహేవియర్ దగ్గర డిలీట్ అని పెట్టండి, లేకుంటే రెండు కాపీలు కనబడతాయి.

తర్వాత ఎంయూ ఎంకేడిర్‌తో మెయిల్ ఫోల్డర్లో క్యూ అనే ఫోల్డర్ చేసి, దాంట్లో చుక్క నోఇండెక్స్ అనే ఖాళీ ఫైలు ఉంచండి, ఎస్ఎంటీపీమెయిల్ క్యూ డైరెక్టరీగా అందులోని కర్ ఫోల్డర్‌ను చూపించండి. అడవిలోకి పోయేముందు ఎంయూ4ఈ మెనూలో ఎం నొక్కితే క్యూ మోడ్‌కు మారుతుంది, ఇక మీరు పంపినవన్నీ అక్కడే ఆగుతాయి. సిగ్నల్ వచ్చాక ఎఫ్ నొక్కండి, అన్నీ పోతాయి. మళ్లీ ఎం నొక్కి మామూలు మోడ్‌కు రండి, అది మరిచిపోతే ఊళ్లో ఉన్నా మెయిళ్లు క్యూలోనే పడుంటాయి.

ఇంకొకటి: జీపీజీ ఏజెంట్ పాస్‌ఫ్రేజ్‌ను మామూలుగా 600 సెకండ్లే గుర్తుంచుకుంటుంది. ఎంబీసింక్ వెనకాల నడుస్తున్నప్పుడు అది మళ్లీ అడగలేకపోతే సింక్ ఆగిపోతుంది. జీపీజీ ఏజెంట్ సెట్టింగుల ఫైల్లో డిఫాల్ట్ క్యాష్ టీటీఎల్‌ను (గుర్తుంచుకునే ఆ సమయాన్ని) పెంచండి, మ్యాక్స్ క్యాష్ టీటీఎల్ 7200 దాటనివ్వదు కాబట్టి అవసరమైతే దాన్నీ పెంచుకోవాలి.

అచ్చంపేట నుంచి:

ఇంట్లోనే వైఫై తీసేసి చూశాను, రెండు మెయిళ్లు క్యూలో ఆగాయి, వైఫై కలిపి ఎఫ్ కొట్టగానే రెండూ పోయాయి. సోమవారం పొద్దున పెంటకు పోయేముందు ఒకసారి సింక్ చేసుకుంటా. టీటీఎల్ ఇంకా మార్చలేదు, ఆ ఫైలు నా దగ్గర లేదు, కొత్తగా చేయాలా?

నల్గొండ నుంచి:

అవును, హోమ్ ఫోల్డర్లో చుక్క గ్నూపీజీ ఫోల్డర్ లోపల కొత్తగా చేసుకో. మార్చాక జీపీజీ ఏజెంట్‌ను రీలోడ్ చెయ్యి, అప్పుడే కొత్త విలువ పట్టుకుంటుంది.