తుక్కుకు చేరిన మోటారుకు డిజిటల్ పాస్‌పోర్ట్ వల్ల ఉపయోగం ఉంటుందా?

లోహకారి (ప్రశ్న):
మేము పరిశ్రమలకు ఎలక్ట్రిక్ మోటార్లు తయారుచేస్తాము. ప్రతి మోటారుకు డిజిటల్ పాస్‌పోర్ట్‌గా క్యూఆర్ కోడ్ అతికించి, అందులో ఏ లోహం ఎంత ఉందో, ఎలా విప్పాలో నమోదు చేయాలని యాజమాన్యం నిర్ణయించింది. నా సందేహం నమోదు గురించి కాదు. పదిహేను, ఇరవై ఏళ్లు నడిచి, నూనె, దుమ్ము పట్టి, రెండు మూడు చేతులు మారి తుక్కుకు చేరిన మోటారులోని రాగి, ఉక్కు ఆ కోడ్ వల్ల మళ్లీ అదే నాణ్యతతో వాడుకలోకి వస్తాయా, లేక ఇది మరో ఫైలుగానే మిగులుతుందా?

తుక్కుతూకం:
తుక్కు వేరుచేసే యూనిట్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చే మోటార్లలో చాలావాటికి నేమ్‌ప్లేటు మీదే రంగు పూసి ఉంటుంది. ఇక స్టిక్కరు సంగతి చెప్పనక్కరలేదు. ష్రెడర్‌లో (లోహాన్ని ముక్కలుగా చీల్చే యంత్రంలో) పడ్డాక కోడ్ ఉన్నా లేనట్టే. వైండింగ్, అంటే రాగి తీగచుట్ట, స్టేటరు (మోటారులో తిరగని ఉక్కు భాగం) గాడుల్లో బిగిసి ఉంటుంది కాబట్టి నలిగాక కూడా కొంత రాగి ఇనుప ముక్కను వదలదు, అయస్కాంతం ఆ రెండింటినీ కలిపి ఉక్కు వైపే లాగేస్తుంది. కొలిమిలో ఇనుముకన్నా రాగికి ఆక్సిజన్‌తో కలిసే గుణం తక్కువ కనుక అది స్లాగ్‌లోకి (కరిగిన లోహంపై తేలే మడ్డిలోకి) పోకుండా ఉక్కులోనే ఉండిపోయి, వేడి మీద రోలింగ్ చేసేటప్పుడు పైపొరలో పగుళ్లు తెస్తుంది. అలాంటి ఉక్కు నిర్మాణపు కడ్డీలకు పనికివస్తుంది గాని కారు బాడీ రేకుకు పనికిరాదు. రోటరులో (తిరిగే భాగంలో) నియోడైమియం అనే లోహం కలిసిన అయస్కాంతాలుంటే నష్టం ఇంకో రకం: అవి ఆక్సైడై స్లాగ్‌లో కలిసిపోతాయి. కాబట్టి మీ సమాచారం చేరవలసింది ష్రెడర్‌కు ముందు మోటారును విప్పే మనిషికి.

కొలిమిగట్టు:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే ముక్కలయ్యాక అంతా పోయినట్టు కాదు. లేజర్ పుంజం తగిలినప్పుడు వెలువడే కాంతిని చదివి, అల్యూమినియం ముక్క ఏ మిశ్రమలోహమో చెప్పే యంత్రాలు ఉన్నాయి. పాత అల్యూమినియం కరిగించడానికి, ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో దాదాపు 5 శాతమే పడుతుంది. కాని అచ్చుల్లో పోసే పోత మిశ్రమంలో ఉండే సిలికాన్, రేకులు చేసే మిశ్రమంలో కలిస్తే ఆ లోహం ఇక పోతకే పరిమితం. అయితే లేజర్ చదివేది పైపొరనే. రంగు ఉంటే పొరబడుతుంది.

నిబంధనలు:
ఐరోపా యూనియన్ 2023 బ్యాటరీ నియమాన్ని ఒకసారి చూడండి. 2027 ఫిబ్రవరి 18 నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు, 2 కిలోవాట్ అవర్లు దాటిన పారిశ్రామిక బ్యాటరీలకు పాస్‌పోర్ట్ తప్పనిసరి. అందులో నాకు నచ్చింది ఏమిటంటే, ప్రజలకు కనబడేది వేరు, విప్పేవారికీ మరమ్మతు చేసేవారికీ కనబడేది వేరు. బ్యాటరీని మరో పనికి మార్చితే కొత్త పాస్‌పోర్ట్ పాతదానితో ముడిపడుతుంది.

లోహకారి:
అందరికీ ధన్యవాదాలు. కోడ్‌ను స్టిక్కరుగా కాక మోటారు ఒంటిమీదే చెక్కించమని, కోడ్ తెరవగానే స్టేటరును ఎక్కడ కోయాలో, అయస్కాంతాలు ఉన్నాయో లేవో, తీగచుట్టను పట్టి ఉంచే వార్నిష్ ఏదో కనబడేలా చేయమని రాస్తున్నాను. వార్నిష్ వివరాలు మాత్రం వ్యాపార రహస్యమని సరఫరాదారు అంటున్నారు.

తుక్కుతూకం:
దాని కూర్పు మాకు అక్కరలేదండి. ఏ ఉష్ణోగ్రత దగ్గర పట్టు వదులుతుందో, కాలినప్పుడు ఏ విషవాయువు వస్తుందో రాయమనండి, చాలు.