తమ్ముడి జైలు కేసులో సాక్షుల బత్తా ఎవరు కట్టాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఒక రాష్ట్ర జైల్లో ఉన్నాడు. గార్డులు కొట్టారని ఫెడరల్ కోర్టులో సెక్షన్ 1983 (ప్రభుత్వోద్యోగులు హక్కులు కాలరాస్తే దావా వేయనిచ్చే చట్టం) కింద కేసు వేశాడు. లాయర్ లేడు, తనే వాదించుకుంటున్నాడు. డబ్బు లేదని పెట్టుకున్న అర్జీని కోర్టు ఒప్పుకుంది. విచారణ దగ్గరపడింది. ఆ రోజు దెబ్బలు చూసిన నర్సు ఉద్యోగం మానేసింది, ఇప్పుడు రానంటోంది. ఆమెను పిలిపించాలంటే మనీఆర్డర్ పంపమని కోర్టు ఉత్తర్వు వచ్చింది. ఫీజు మాఫీ అయ్యాక మళ్లీ ఇదేంటి? ఇద్దరు తోటి ఖైదీలు కూడా చూశారు, వాళ్లకూ కట్టాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు:
లాయర్ల ఆఫీసులో చాలా ఏళ్లు పనిచేశాను, దాదాపు అందరూ ఇక్కడే పొరబడతారు. అసలు అది మాఫీ కాదమ్మా. కోర్టు ఫీజు 350 డాలర్లు మీ తమ్ముడి జైలు ఖాతాలోంచి వాయిదాల్లో కోసుకుంటారు, ముందు నెల జమ అయినదాంట్లో 20 శాతం చొప్పున. డబ్బు లేనివాళ్ల కోసం ఉన్న సెక్షన్ 1915 వల్ల దొరికేది ఫీజంతా ముందే కట్టకుండా కేసు నడుపుకోవడం, కాగితాలు మార్షల్ (ఫెడరల్ కోర్టుల పనులు చూసే అధికారి) చేత అందజేయించుకోవడం. సాక్షి బత్తా అందులో లేదు. కాలిఫోర్నియా మీద అధికారం ఉన్న తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు 1989లో టెడ్డర్ కేసులో ఇదే తేల్చింది.

రానన్న సాక్షికి సబ్‌పీనా, అంటే తప్పక రావాలనే కోర్టు ఆజ్ఞ, ఇచ్చేటప్పుడే ఒక రోజు బత్తా 40 డాలర్లు, రానూపోనూ మైళ్ల ఖర్చు చేతిలో పెట్టాలి. పెట్టకపోతే ఆ సబ్‌పీనా చెల్లదు. 2025లో రేటు మైలుకు 70 సెంట్లు ఉండేది. నర్సు 60 మైళ్ల దూరంలో ఉందనుకోండి, ఆ రేటున రానూపోనూ 120 మైళ్లకు 84 డాలర్లు, బత్తాతో కలిపి 124. ఆమె చిరునామా కూడా మీరే ఇవ్వాలి, కోర్టు వెతికిపెట్టదు.

ఖైదీలకు పైసా అక్కర్లేదు, జైల్లో ఉన్న సాక్షికి చట్టం బత్తా ఇవ్వదు. కానీ వాళ్లను తీసుకురమ్మని జైలుకు కోర్టు రిట్ (ఆజ్ఞాపత్రం) జారీ చేయాలి. దానికి మీ తమ్ముడు మోషన్, అంటే కోర్టుకు రాతపూర్వక అర్జీ, వేయాలి. పేరు, ఖైదీ నంబరు, ఏ జైలు, కళ్లారా ఏం చూశాడు, రావడానికి ఇష్టమేనా అన్నవి అందులో రాయాలి. 'వాడికి అంతా తెలుసు' అని రాస్తే లాభం లేదు, ఆ రోజు ఎక్కడ నిలబడి చూశాడో రాయాలి. నా లెక్కలో బత్తా కంటే ఈ మోషన్ గడువే ముఖ్యం. డబ్బు ఎలాగో పుడుతుంది, తేదీ దాటితే మాత్రం జడ్జి దయే.

ఇంకొకరు:
నర్సుకు ఫోన్ చేసి, ఓ 300 ఇస్తాం రమ్మంటే సరిపోదా?

జవాబు:
వద్దు బాబూ! చట్టం చెప్పినదానికి మించి ఇస్తే సాక్షిని కొన్నారన్న మాట వస్తుంది. అవతలి లాయర్ జ్యూరీ ముందు అడిగే మొదటి ప్రశ్న అదే. లంచం కేసు కూడా మెడకు చుట్టుకోవచ్చు.

అన్నట్టు, నర్సు రావాల్సిందేనా? దెబ్బల గురించి ఆమె ఆ రోజే రికార్డులో రాసి ఉంటుంది. ఆ రికార్డు అసలుదేనని, సాక్ష్యంగా పెట్టడానికి అభ్యంతరం లేదని రాసిమ్మని అవతలి లాయర్‌కు మీ తమ్ముడు ఉత్తరం రాయొచ్చు. ఒప్పుకుంటే ఆ 124 మిగులుతాయి. ఒప్పుకోకపోతే అప్పుడే పిలిపించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నగారూ. మనీఆర్డర్ మేం తీసి పంపొచ్చా? కోర్టు పేరు మీద తీయాలా?

జవాబు:
మీరు తీయొచ్చమ్మా, తప్పులేదు. మామూలుగా సాక్షి పేరు మీదే తీయమంటారు, కోర్టు పేరు మీద కాదు. మీ ఉత్తర్వులో ఏముందో ఆ పేరా మళ్లీ ఒకసారి చదవండి. రసీదు పారేయకండి. మీ తమ్ముడు గెలిస్తే ఖర్చుల కింద ఆ డబ్బు అడగొచ్చు.