హాలోపెరిడాల్ సూదితో ఫెనర్గన్ మొదటే కలపాలా?

పెరంబూరు హౌస్‌సర్జన్:
ఆవేశంలో మనుషుల మీదికి వస్తున్న కుర్రాడికి క్యాజువాలిటీలో ఆవేశం అణిచే హాలోపెరిడాల్ సూది వేశాం. మర్నాడు మెడ పక్కకి తిరిగిపోయింది, దవడ బిగుసుకుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో కూత. కండరాల బిగుతు విడిపించే ఫెనర్గన్ (ప్రొమెథజిన్) సూది వేశాక తగ్గింది. మొదటే కలిపి ఉండాల్సిందంటే సీనియర్ ఒప్పుకోవట్లేదు. మీరేమంటారు?

నెల్లూరు ఫార్మసిస్ట్:
అందరికీ అక్కర్లేదు తమ్ముడూ. పెద్దవాళ్లకి మూత్రం ఆగిపోతుంది, మతి స్థిమితం తప్పుతుంది. రియాక్షన్ వస్తే అప్పుడు వేయొచ్చు. ముందుజాగ్రత్తగా అందరికీ ఈ రకం మందులు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1990లోనే చెప్పారు.

వేళచ్చేరి మత్తు డాక్టర్:
అన్నా, ఆ 1990 మాట ఏళ్ల తరబడి మందులు వాడేవాళ్ల గురించి. ఇక్కడ అడిగింది ఎమర్జెన్సీలో వేసే మొదటి సూది గురించి. 2007లో వచ్చిన రియో డి జనీరో అధ్యయనం చూడండి: హాలోపెరిడాల్ ఒక్కటే తీసుకున్న 156 మందిలో 10 మందికి ఇలా కండరాలు బిగుసుకున్నాయి. ప్రొమెథజిన్ కలిపినవాళ్లలో ఒక్కరికీ రాలేదు. మన పక్కనే వెల్లూరులోనూ ఈ జోడీని పరీక్షించారు.

‘వస్తే అప్పుడు’ అనడం మెడ వంకరకైతే సరే. స్వరపేటిక కండరాలే పట్టేస్తే? గాలి దారి మూసుకుపోతుంది. పైగా దాన్ని ఎలర్జీ అనో, కంగారు అనో పొరబడతారు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు 98 చూపిస్తోందని ఊరుకుంటారు. పైదారి సగం మూసుకున్నా ఆ అంకె కాసేపు బాగానే ఉంటుంది. కూత వినపడితే ఆక్సిజన్ పెట్టి, ఫెనర్గన్ వేసి, మత్తు డాక్టర్ని పిలవండి. వయసు కుర్రాళ్లకి ముప్పు ఎక్కువ కాబట్టి వాళ్లకి మొదటే కలపాలని నా గట్టి అభిప్రాయం.

తిరుపతి అమ్మ:
వాంతుల సూదికీ ఇలా అవుతుందా డాక్టర్ గారూ?

వేళచ్చేరి మత్తు డాక్టర్:
మెటోక్లోప్రమైడ్‌తో అవుతుందమ్మా, పిల్లల్లో మరీను. అందుకే 2013లో యూరప్ మందుల సంస్థ 5 రోజులకి మించి వాడొద్దంది.

నెల్లూరు ఫార్మసిస్ట్:
కుర్రాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. ముసలివాళ్లకి మాత్రం ససేమిరా.

పెరంబూరు హౌస్‌సర్జన్:
తగ్గాక వెంటనే ఇంటికి పంపొచ్చా మేడం?

వేళచ్చేరి మత్తు డాక్టర్:
గొంతు పట్టేసినవాళ్లని పంపకండి. ఫెనర్గన్ సూది ప్రభావం దిగాక బిగుతు మళ్లీ రావచ్చు. వార్డులో ఉంచి రెండు మూడు రోజులు, బిగుతు రాకుండా ఆపే పాసిటేన్ మాత్రలివ్వండి. ఏ మందు పడలేదో డిశ్చార్జి కాగితం మీద పెద్దక్షరాల్లో రాయండి.