క్లెగ్‌హార్న్ కాపాడింది అడవినా, కలపనా?

అడవిబాట:
దక్షిణాది అడవుల చరిత్ర ఎక్కడ చదివినా హ్యూ క్లెగ్‌హార్న్‌ను అడవుల రక్షకుడని పొగుడుతున్నారు. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ తొలి అటవీ సంరక్షకుడు ఆయనే, కాదనను. కానీ కొండవాళ్ల పోడును అడ్డుకున్న మనిషిని రక్షకుడనడం నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

నీలివేరు:
రక్షకుడే అంటాను. వృత్తిరీత్యా డాక్టరు, మద్రాసు మెడికల్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాడు. సంరక్షకుడి ఉద్యోగంలో చేరకముందే, 1851లో, ఉష్ణమండల అడవులు నరికితే నేలకూ వానలకూ నీటికీ ఏమవుతుందో శాస్త్రవేత్తల సంఘమైన బ్రిటిష్ అసోసియేషన్ ముందు పెట్టిన నివేదికలో ఆయన చెయ్యి ఉంది. 1856 అంటే రాయపురం నుంచి తొలి రైలు కదిలిన ఏడాది. స్లీపర్లకు కలప కావాలి, ఇంజన్లకు వంటచెరకు కావాలి. ఎవరో ఒకరు పగ్గం వేయకపోతే టేకు మిగిలేదా చెప్పండి?

అడవిబాట:
నీలివేరు గారూ, మీరు చెప్పిన రైలే నా వాదన కూడా. కలప కావలసింది రైలుకి, ఆంక్షలు పడింది పోడు మీద. 1860లో ప్రభుత్వ అడవుల్లో అనుమతి లేకుండా పోడు కొట్టకూడదన్నారు. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది.

అసలు పోడు ఎలా ఉండేదో చూడండి. ఎండల ముందు వాలులో పొదలూ చిన్న చెట్లూ కొడతారు. ఇప్ప, చింత, మామిడి జోలికి పోరు. మొదళ్లు పెకలించరు, అవి మళ్లీ చిగురిస్తాయి. ఎండిన కంపను తగలబెట్టి, తొలకరికి ఆ బూడిదలోనే సామలు, చోళ్లు, కందులు కలిపి చల్లుతారు. రెండు మూడేళ్లకు ఆ చోటు వదిలి ఇంకో వాలుకు పోతారు. వదిలిన చోట అడవి లేస్తుంది. ఇది అడవిని తినేసే సేద్యం కాదండీ. తిరగడానికి చోటు ఉన్నంతకాలం అడవి తిరిగి పెరిగేది. ప్రభుత్వం రిజర్వు అడవులంటూ గీతలు గీసి ఆ చోటు లాక్కున్నాక, ఉన్న ముక్కనే మళ్లీ మళ్లీ కొట్టక తప్పలేదు. ఆపైన నేల పాడైందని నింద కూడా వాళ్లదే!

గూడెం కొండల్లో పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి కలిసి 1922లో అల్లూరి వెంట జనాన్ని నడిపించాయి. చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడికి వెనక ఉన్న కోపం అక్కడిది.

కొండగొర్రు:
ఇద్దరికీ ఒక మాట. అడవి పెంచడంలో ఆద్యుడంటే నాకు ముందు గుర్తొచ్చేది చాతు మీనన్. మలబారులోని నిలంబూరులో 1840లలో టేకు విత్తనం మొలకెత్తించి, తోట నిలబెట్టింది ఆయన. ఆ తోట వేయించిన కలెక్టరు కొనొలీ పేరు తెలిసినంతగా ఆయన పేరు తెలియదు. క్లెగ్‌హార్న్ వచ్చేసరికి ఆ తోట పెరుగుతోంది.

నీలివేరు:
చాతు మీనన్ సంగతి ఒప్పుకుంటాను. కానీ అడవిబాట గారూ, గూడెం నేరమంతా క్లెగ్‌హార్న్ నెత్తిన రుద్దకండి. 1882 చట్టం నాటికి ఆయన మద్రాసులో లేడు. పైగా ట్రాక్టరుతో దున్ని పత్తి వేసే నేటి పోడుకు మీ వర్ణన ఎక్కడ సరిపోతుంది?

అడవిబాట:
సరిపోదు. నేటి పత్తి పోడును నేను సమర్థించడం లేదు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం పీఠికే ఆదివాసులకు జరిగింది చారిత్రక అన్యాయమని ఒప్పుకుంది. ఆ అన్యాయానికి తొలి ఉత్తర్వుల్లో ఒకటి క్లెగ్‌హార్న్ సంరక్షకుడిగా ఉన్నప్పుడే వచ్చింది. ఆయన్ని వృక్షశాస్త్రజ్ఞుడని రాయండి, అటవీ శాఖ వ్యవస్థాపకుడని రాయండి. రక్షకుడని రాస్తే మాత్రం ఎవరి నుంచి రక్షించాడో కూడా రాయాలి.